పుస్తకం అంచున 'ఇది నేనే' అని రాసుకున్న అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. రెండేళ్ల కిందటి వరకు స్కూల్లో జరిగిందంతా బ్యాగ్ కింద పెట్టకుండానే చెప్పేసేది. ఇప్పుడు ఇంటికి రాగానే గదిలోకి వెళ్లి నవల పట్టుకుని కూర్చుంటోంది. మార్కులు తగ్గలేదు, కానీ పాఠాలు చదవాల్సిన టైమంతా కథలకే పోతోందని వాళ్ల నాన్నకు కోపం. నా భయం వేరు. మొన్న గది సర్దుతూ దిండు పక్కన ఉన్న నవల తెరిచాను. ఒక పేజీలో, కథలోని అమ్మాయి తన తల్లి మీద తనకిక ప్రేమ మిగల్లేదని అనుకుంటుంది. ఆ పేరా పక్కన మా అమ్మాయి పెన్సిల్‌తో 'ఇది నేనే' అని రాసుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తను చదివేవన్నీ చావులు, విడిపోవడాలు, ఒంటరితనాలే. ఈ పుస్తకాలే పిల్లను నాకు దూరం చేస్తున్నాయా? ఆపించాలా? సాహిత్యం పిల్లల ఎదుగుదలకు మంచిదంటారు కదా, ఈ వయసులో ఇలాంటివి కూడా మంచివేనా?

- ఒక తల్లి

జవాబు:

అమ్మా,

కన్నబిడ్డ చేతిరాతలో అలాంటి మాట కనబడితే ఏ తల్లికైనా గుండె కలుక్కుమంటుంది. అందుకే మీకు కావలసిన జవాబు ముందే చెప్పేస్తాను. ఆపించకండి. మీ అమ్మాయి మీకు దూరం కావడానికి ఆ పుస్తకాలు కారణం కావు. నాకు అర్థమైనంతవరకు, ఆ దూరంలో తనకు తోడుగా ఉన్నవి అవే.

మీరు ఒక విషయం రాయలేదు. ఆ పేరా తర్వాత కథలో ఏం జరిగింది? ఆ అమ్మాయి అలాగే ఉండిపోయిందా, తల్లి దగ్గరకు తిరిగి వచ్చిందా? మీరు ఆ ఒక్క పేజీ చూసి పుస్తకం మూసేసి ఉంటారు. మీ అమ్మాయి మాత్రం దాని ముందు పేజీలు, తర్వాతి పేజీలు అన్నీ చదివింది. ఈ తేడా దగ్గరకు మళ్లీ వస్తాను.

పదిహేనేళ్ల పిల్లకు తల్లి మీద కోపం రావడం కొత్త కాదు. ఆ కోపం వెనకాలే 'అమ్మ మీద ఇలా అనుకుంటున్నానంటే నేనెంత చెడ్డదాన్నో' అనే భయం కూడా వస్తుంది. కోపం మనకు కనిపిస్తుంది. భయాన్ని పిల్లలు ఎవరికీ చెప్పరు. చెప్పడానికి వాళ్ల దగ్గర మాటలు కూడా ఉండవు. అలా పేరు లేకుండా లోపల తిరుగుతున్న ఒక భావం, తనకు ఏమాత్రం తెలియని మనిషి రాసిన కథలో అచ్చు అక్షరాల్లో ఎదురైతే ఎలా ఉంటుందో ఆలోచించండి. 'నా ఒక్కదానికే కాదన్నమాట' అన్న ఊరట. 'ఇది నేనే' అనే మాటలో నాకు వినిపిస్తున్నది ఆ ఊరటే. ప్రేమ నిజంగానే మిగలని పిల్ల ఆ వాక్యాన్ని మామూలుగా చదివి పేజీ తిప్పేస్తుంది. పెన్సిల్ కోసం వెతుక్కుని మరీ అక్కడ ఆగిందంటే, ఆ వాక్యం తనను నొప్పించిందనే అర్థం.

ఈ వయసు గురించి డేవిడ్ ఎల్కిండ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో రెండు సంగతులు చెప్పాడు. టీనేజ్ పిల్లలు తమను అందరూ ఎప్పుడూ చూస్తున్నారనుకుంటారు. మొహం మీద ఒక్క మొటిమ వచ్చినా క్లాసు మొత్తం దాన్నే గమనిస్తోందని నమ్ముతారు. అలా తమను చూస్తున్నారని పిల్లలు అనుకునే జనాన్ని ఆయన ఊహల్లోని ప్రేక్షకులు అన్నాడు. ఇక రెండోది, తమ బాధ ఇంతకు ముందు లోకంలో ఎవరికీ కలగలేదనుకోవడం. 'నీకు చెప్పినా అర్థం కాదులే అమ్మా' అనే మాట ఈ రెండేళ్లలో మీరు చాలాసార్లు వినే ఉంటారు. అది పొగరు కాదు. నిజంగానే వాళ్లకు అలా అనిపిస్తుంది.

నవల పని చేసేది సరిగ్గా ఈ రెండు చోట్లే. రోజంతా తాను వేదిక మీద ఉన్నాననుకునే పిల్ల, పుస్తకం తెరిచిన ఆ రెండు గంటలూ ప్రేక్షకుల్లో కూర్చుంటుంది. అక్కడ తనను ఎవరూ చూడరు, తనే చూస్తుంది. ఆ విశ్రాంతి ఈ వయసులో చాలా అవసరం. అలా చూస్తూ చూస్తూ ఉండగా, అందరి లోపలా ఏదో ఒక సణుగుడు నడుస్తూనే ఉంటుందని తెలుస్తుంది. ధైర్యంగా కనిపించే పాత్ర లోపల వణికిపోతుంటుంది. కటువుగా మాట్లాడిన తండ్రి పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడుస్తాడు. బయటి జీవితంలో మనకు ఇవేమీ కనబడవు. స్నేహితులు మాటలు చెప్తారు, ఫోన్‌లో జనం తమ మంచి ఫొటోలు పెడతారు, సినిమా మొహాన్ని దగ్గరగా చూపిస్తుంది. పైకి 'ఏం లేదు' అన్న మనిషి మనసులో అదే క్షణాన ఏమనుకుంటున్నాడో పేజీలకు పేజీలు వినిపించేది కథ ఒక్కటే.

ఇందులో ఇంకో మెట్టు ఉంది. చిన్నపిల్లల కథల్లో కథ చెప్పేవాళ్లు నిజమే చెప్తారు. పెద్ద నవలల దగ్గరకు వచ్చేసరికి, 'నేను' అంటూ కథ చెప్పే మనిషి అబద్ధాలు ఆడొచ్చు, తనను తాను మోసం చేసుకుంటుండొచ్చు. సగం కథ అయ్యాక పాఠకురాలికి అనుమానం మొదలవుతుంది. వీడు చెప్తున్నట్టు భార్య నిజంగానే అంత చెడ్డదా, వీడే అలా చూస్తున్నాడా? ఈ అనుమానం ఒకసారి అలవాటైతే అది పుస్తకంతో ఆగదు. ఏదో ఒక రోజు తన సొంత కథ మీదకు కూడా తిరుగుతుంది. 'మా అమ్మ గురించి నేను చెప్పుకుంటున్న కథ నిజమేనా? అమ్మ చెప్తే ఇదే కథ ఎలా ఉంటుంది?' ఈ ప్రశ్న మీ అమ్మాయి మనసులోకి రావడానికి మీ ఉపన్యాసాల కన్నా నవలలే దగ్గరి దారి. ఇది పది రోజుల్లో జరిగే పని కాదు. కానీ జరగడం నేను నా కళ్లతో చూశాను.

చాలా ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని నేను. ఒక క్లాసులో ఎనిమిది నెలలు నోరు విప్పని అబ్బాయి ఒకడు ఉండేవాడు. ఒక రోజు ఒక కథ చదివాం, అందులో కొడుకు తండ్రి జేబులోంచి డబ్బు తీస్తాడు. అది తప్పా ఒప్పా అని అడిగాను. అందరూ తప్పన్నారు. నిజం చెప్పాలంటే నేను వేసిన ప్రశ్నే పేలవమైనది, దానికి అంతకన్నా మంచి జవాబు రాదు. అప్పుడు వెనక బెంచీలోంచి ఆ అబ్బాయి, "వాడు దొంగ కాదు టీచర్, అడిగే ధైర్యం లేక తీశాడు" అన్నాడు. క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. ఆ తర్వాత అరగంట, అడిగే ధైర్యం ఎందుకు లేకపోయిందో, ఆ తండ్రి ఎలాంటివాడో పిల్లలు వాదించుకున్నారు. ఎవరూ తమ ఇంటి గురించి ఒక్క మాట అనలేదు. అందరూ మాట్లాడింది తమ ఇంటి గురించే. కథలోని కొడుకు పేరు అడ్డం పెట్టుకుంటే పిల్లలు ఎంత లోతు విషయమైనా మాట్లాడగలరని ఆ రోజు నాకు అర్థమైంది.

'నేనెవరు' అన్న ప్రశ్నను తేల్చుకోవడమే ఈ వయసులోని అసలు పని అన్నాడు ఎరిక్ ఎరిక్సన్ అనే ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త. పెద్దరికం భుజాల మీద పడకముందు, రకరకాల మనుషులుగా ఉండి చూసుకోవడానికి దొరికే విరామం ఇది అని ఆయన ఆలోచన. నిజ జీవితంలో అలా ఉండి చూడటం ఖరీదైన పని. ఇల్లు వదిలి వెళ్లాలంటే నిజంగా వెళ్లాలి, ఒక స్నేహం తెంచుకుంటే అది తెగిపోతుంది. పైగా నిగ్రహాన్ని, ముందుచూపును నడిపే మెదడు ముందు భాగం ఇరవైల మధ్య వరకు ఎదుగుతూనే ఉంటుంది. ఉద్వేగాలు మాత్రం అంతకన్నా చాలా ముందే ఉరకలేస్తాయి. అలాంటి వయసులో, ఇల్లు వదిలిన అమ్మాయి వెంట మూడు వందల పేజీలు నడిచి, ఆ నిర్ణయం ఎక్కడికి తీసుకెళ్లిందో చివరిదాకా చూసి, పుస్తకం మూసి తన మంచం మీద తాను నిద్రపోవడం ఎంత మేలో చూడండి. 'ఇది నేనే' అని రాసుకున్న చేయి వచ్చే నెల ఇంకో పుస్తకంలో, దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పాత్ర పక్కన కూడా అదే మాట రాసుకుంటుంది. పిల్లలు అద్దం ముందు బట్టలు మార్చి మార్చి చూసుకున్నట్టే ఇదీ. ఏ ఒక్కదాన్నీ వాళ్ల చివరి నిర్ణయంగా తీసుకోకండి.

ఇంత చెప్పాను కదా అని సాహిత్యం చదివితే చాలు పిల్లలు దయగలవాళ్లైపోతారని నేను అనను. ఆ మాట చాలామంది అంటారు, అందుకని దాని గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. 2013లో కిడ్, కస్టానో అనే ఇద్దరు పరిశోధకులు, సాహిత్య విలువ ఉన్న కథను కొద్దిసేపు చదివినా ఎదుటివాళ్ల మనసును గుర్తించే శక్తి పెరుగుతోందని ప్రకటించారు. పత్రికలన్నీ రాశాయి. తర్వాత వేరే బృందాలు అదే ప్రయోగం చేస్తే ఆ ఫలితం రాలేదు. 2018లో డోడెల్-ఫెడర్, తమీర్ ఇలాంటి 14 ప్రయోగాలను కలిపి లెక్క చూశారు. ప్రభావం ఉంది, కానీ చిన్నది అని తేలింది. నాకు ఇది నిరాశ కలిగించలేదు. ఒక పూట కథ చదివించి, సాయంత్రానికి మనసు ఎంత పెరిగిందో కొలిస్తే ఏం కనబడుతుంది? ఏళ్ల తరబడి, ఇష్టంతో, మళ్లీ మళ్లీ చదివిన చదువు మనిషిలో ఎలా కలిసిపోతుందో పరీక్ష గదిలో కొలవడం కష్టం. అలాగే, బాగా చదువుకుని కూడా కర్కశంగా ఉన్న పెద్దలను మనం చూస్తూనే ఉన్నాం. పుస్తకం ఎదుటివాళ్ల లోపలికి ఒక తలుపు తీస్తుంది. లోపలికి వెళ్లినవాళ్లు ఎలా ప్రవర్తించాలో అది నేర్పదు. అది ఇంట్లో మనుషుల్ని చూసి నేర్చుకోవాలి.

వాళ్ల నాన్నగారి కోపానికి జవాబు చిన్నది. బ్రిటన్‌లో 1970లో పుట్టిన వేలమంది పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తూ వస్తున్నారు. ఆ సమాచారంతో సలివన్, బ్రౌన్ అనే పరిశోధకులు 2013లో తేల్చింది ఏమిటంటే, సరదాగా చదివే అలవాటున్న పిల్లలు పదేళ్ల నుంచి పదహారేళ్ల లోపు, అలవాటు లేనివాళ్ల కన్నా పదజాలంలోనూ స్పెల్లింగ్‌లోనూ ఎక్కువ ముందుకు వెళ్లారు. లెక్కల్లో కూడా. తల్లిదండ్రుల చదువును, పిల్లల పాత మార్కులను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలిచింది. కొత్త రకం ప్రశ్న ఎదురైనప్పుడు, అది ఏం అడుగుతోందో విడమరిచి చదవగలగడమే సగం పని కాబట్టి ఇలా జరుగుతుందని నాకనిపిస్తుంది. నవల మీద గడిపిన గంట చదువులోంచి తీసేసిన గంట కాదని ఆయనకు చెప్పండి. పరీక్షల ముందు వారం మాత్రం నవలకు ఒక వేళ పెట్టుకోమని అమ్మాయిని ఆయనే స్వయంగా అడగొచ్చు. లాక్కోవడం వేరు, అడగడం వేరు.

ఇక చావులు, విడిపోవడాలు, ఒంటరితనాలు. ఈ వయసు పిల్లలు విషాదాన్ని వెతుక్కుని మరీ చదువుతారు. చిన్నప్పుడు దాచిపెట్టిన విషయాలు ఇప్పుడు తెలుసుకోవాలనిపిస్తుంది. మనుషులు చనిపోతారని, ప్రేమ తెగిపోతుందని, మంచివాళ్లకు కూడా అన్యాయం జరుగుతుందని వాళ్లకు ఎలాగూ అనుమానం వచ్చేసింది. మనం ఆ మాట ఎత్తం. పుస్తకం ఎత్తుతుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు మూసేయగలిగిన దుఃఖం అది. ఏడుపొస్తే ఏడవనివ్వండి, వెళ్లి ఏమైందని అడగకండి.

కానీ కొన్ని గుర్తులు కనబడితే పుస్తకాల సంగతి పక్కన పెట్టి పిల్లను చూడండి. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి మారిపోవడం, ఇష్టమైన స్నేహితులను కూడా వదిలేయడం, ఏ పనిలోనూ ఉత్సాహం లేకపోవడం, తాను ఎవరికీ అక్కర్లేదన్నట్టు మాట్లాడటం, ఒంటి మీద గాయాలు. చదివే పిల్ల ఉన్నట్టుండి చదవడం కూడా మానేస్తే అది మరీ గమనించాల్సిన గుర్తు. అలాంటప్పుడు 'చనిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?' అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన కొత్తగా పుడుతుందని చాలామంది భయపడతారు. అలా పుట్టదని పరిశోధనలు చెప్తున్నాయి. అడిగి, ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరకో సైకాలజిస్ట్ దగ్గరకో తీసుకెళ్లండి. మీ ఉత్తరంలో ఈ గుర్తులేవీ నాకు కనబడలేదు, అయినా చెప్పడం నా బాధ్యత.

చదివే ప్రతి పుస్తకమూ మంచిదే అని కూడా నేను నమ్మను. అమ్మాయిని అనుమానించి, వెంటపడి, బెదిరించే అబ్బాయిని గొప్ప ప్రేమికుడిగా చూపించే కథలున్నాయి. ప్రాణం తీసుకోవడాన్ని అందంగా రాసినవి ఉన్నాయి. అలాంటిది కనబడినా దాచేయడం వల్ల లాభం లేదు, ఇంకో చోట దొరుకుతుంది. "ఆ అబ్బాయి నిజంగా నీ క్లాసులో ఉంటే నీకెలా ఉంటుంది?" అని ఒక్కసారి అడగండి. జవాబు కోసం ఒత్తిడి చేయకుండా వదిలేయండి. ఆ ప్రశ్న లోపల పని చేసుకుంటూ పోతుంది.

నా పద్నాలుగో ఏట మా మేనత్త నా చేతిలోంచి ఒక నవల తీసుకుంది. పెద్దవాళ్లు చదివేది అని. నేను రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. వారం తర్వాత పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టి, "మొత్తం చదివాను. చివర్లో ఆమె తిరిగి రాకపోవడం నాకు నచ్చలేదు, నీకేమనిపించింది?" అంది. నా అభిప్రాయాన్ని ఒక పెద్ద మనిషి నిజంగా తెలుసుకోవాలని అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో. ఆమె దగ్గర సిద్ధంగా జవాబు లేదు, నాకు అది ఆమె మొహంలోనే తెలిసింది. ఆ సాయంత్రం ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. అప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ చెప్పని మాటలు నేను అత్తకే చెప్పుకున్నాను.

మీరూ అదే చేయండి. ముందు ఆ పేజీ చూసిన సంగతి అమ్మాయికి చెప్పండి. దాచితే ఎప్పుడో ఒకప్పుడు మీ మాటల్లోనో చూపుల్లోనో బయటపడుతుంది, అప్పుడు తను పెన్సిల్ కూడా దాచేస్తుంది. "గది సర్దుతూ నీ పుస్తకం తెరిచాను, నువ్వు రాసుకున్నది చూశాను. అడగకుండా చూడటం తప్పు, ఇంకెప్పుడూ అలా చేయను" అనండి. అక్కడితో ఆపేయండి. 'నామీద ప్రేమ లేదా' అని అడగొద్దు. ఆ ప్రశ్నకు ఏ పిల్లా నిజమైన జవాబు ఇవ్వలేదు, మీకు నచ్చే జవాబు ఇచ్చి తప్పించుకుంటుంది. తను కోప్పడొచ్చు, తలుపు గట్టిగా వేసుకోవచ్చు. వేసుకోనివ్వండి.

కొన్ని రోజులు పోయాక ఆ నవల మీరు కూడా చదవొచ్చా అని అడగండి. 'వద్దు' అంటే ఊరుకోండి. 'చదువు' అంటే మాత్రం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టండి, ఆ పేరా దగ్గరకు గెంతకండి. కథలోని ఆ అమ్మాయికి అంత కోపం ఎక్కడ మొదలైందో, ఆ తల్లి ఏం చేసిందో, ఏం చేయలేకపోయిందో చూడండి. ఆ తల్లి మీద మీకు కోపం రావచ్చు, జాలి కలగొచ్చు. ఏది కలిగితే అది అమ్మాయితో చెప్పండి. ఇందులో నీతి ఏమిటని మాత్రం అడగకండి. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, తను వాదిస్తుంది. అలా మీ ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోవడం మొదలవుతుంది. మాట్లాడేది కథలోని తల్లీకూతుళ్ల గురించే కావచ్చు. చాలాకాలం అలాగే ఉండనివ్వండి.

చదువుతుంటే మీకూ గుర్తుపెట్టుకోవాలనిపించే చోటు ఒకటి వస్తుంది. ఆ పుస్తకంలో గీత గీయకండి, అది తనది. వేరే కాగితం మీద రాసుకోండి. ఎప్పుడైనా తనే అడిగితే ఆ కాగితం చూపించండి.